మానిటర్‌లో బొమ్మ ఉంది, వెలుగు లేదు: బ్యాక్‌లైట్ ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

టెక్కలి నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో 22 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ ఉంది, కొని ఆరేళ్లయింది. ఆన్ చేస్తే కంపెనీ లోగో ఒకటి రెండు సెకన్లు కనబడి తెర నల్లగా అయిపోతోంది. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. చీకట్లో సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మసకగా కనబడుతున్నాయి. షాపులో చూపిస్తే ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. ఇంట్లో బాగుచేసుకోవడం అవుతుందా? షాకు కొట్టే ప్రమాదం ఉందా?

అవుతుంది. మీ మానిటర్‌లో ప్యానెల్ పోలేదు. టార్చి వెలుగులో ఐకాన్లు కనబడుతున్నాయంటే కంప్యూటర్ నుంచి బొమ్మ వస్తోంది, మెయిన్ బోర్డు పనిచేస్తోంది, గాజు తెర కూడా తన పని తాను చేస్తోంది. పోయింది తెర వెనక వెలగాల్సిన లైటు, లేదా ఆ లైటుకు కరెంటు ఇచ్చే భాగం. మల్టీమీటర్ వాడటం, టంకం పెట్టడం తెలిసినవాళ్లు ఒక ఆదివారం కూర్చుంటే చాలావరకు తేలిపోయే పని. షాకు ప్రమాదం నిజంగానే ఉంది, అయితే అది ఎక్కడుంటుందో కచ్చితంగా చెప్పగలం కాబట్టి తప్పించుకోవచ్చు. దాని గురించి కింద విడిగా రాశాను, అది చదవకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర నాది చిన్న రిపేరు షాపు. వీపు లావుగా ఉండే పాత మానిటర్ల కాలం నుంచి ఇదే పని. "బొమ్మ ఉందండి, ఎలుగు లేదు" అంటూ నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావాటికి లోపలి ఎల్ఈడీ పట్టీ శుభ్రంగా ఉంటుంది. దోషం పవర్ బోర్డులోనో, ఎల్ఈడీ డ్రైవర్ (ఎల్ఈడీలకు కరెంటు అందించే సర్క్యూట్) దగ్గరో, ఈ రెంటినీ కలిపే కనెక్టర్‌లోనో దొరుకుతుంది. అందుకే ఈ మొత్తం సమాధానంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బోర్డు మంచిదని మీటరుతో తేలేవరకు ప్యానెల్ విప్పొద్దు. బోర్డు మీద పొరపాటు జరిగితే పది రూపాయల పార్టుతో సరిపోతుంది. ప్యానెల్ మీద జరిగితే మానిటర్ చెత్తబుట్టకే.

విప్పకముందు చూడాల్సినవి

మీ మానిటర్‌కు కరెంటు ఎలా వెళ్తోందో చూడండి. వెనక నేరుగా 230 వోల్టుల వైరు దిగుతోందా, లేక ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట అడాప్టర్ ఉందా? అడాప్టర్ ఉన్నదైతే ముందు దాన్నే అనుమానించండి. వయసైన అడాప్టర్ ఊరికే ఉన్నప్పుడు మీటరుకు 19 వోల్టులూ చూపిస్తుంది, బ్యాక్‌లైట్ వెలగగానే లోడు మోయలేక పడిపోతుంది. అదే వోల్టేజీ, అదే పిన్ను, ప్లస్ మైనస్ అదే వరస, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి. అడాప్టర్ దోషమైతే తరచుగా పవర్ లైటు కూడా ఆరి వెలుగుతూ ఉంటుంది. మీది నిలకడగా ఉందన్నారు కాబట్టి నా అనుమానం లోపలే, అయినా ఎవరి దగ్గరైనా అడాప్టర్ అరువు దొరికితే చూడటంలో నష్టం లేదు.

టార్చి వేసే మెనూ తెరిచి బ్రైట్‌నెస్ ఎంత ఉందో చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. పిల్లలు బటన్లు నొక్కి సున్నాకు తెచ్చిన కేసులూ ఉన్నాయి, కాకపోతే వాటిలో లోగో కూడా వెలిగి ఆరదు.

వెలిగి ఆరడం అనేది చాలా పనికొచ్చే సమాచారం. రెండు సెకన్లు వెలిగిందంటే డ్రైవర్ లేచింది, ఎల్ఈడీలకు కరెంటు ఇచ్చింది, ఏదో తేడా కనిపెట్టి తనంతట తానే ఆపేసింది. అది దాని రక్షణ ఏర్పాటు. అసలు ఒక్క మెరుపు కూడా లేకపోతే ఫ్యూజు, సప్లై, ఆన్ సిగ్నల్ వైపు వెతకాలి. వేడెక్కాక పది పదిహేను నిమిషాలకు ఆరుతుంటే టంకం బీటలు, వదులు కనెక్టర్, ఎండిపోయిన కెపాసిటర్ (కరెంటు నిల్వ ఉంచే డబ్బీలాంటి పార్టు).

షాకు సంగతి

నేరుగా 230 వోల్టులు వెళ్లే మానిటర్‌లో, పవర్ బోర్డు మీద అన్నిటికంటే లావుగా ఒక కెపాసిటర్ ఉంటుంది. దాని మీద 400 లేదా 450 వోల్టులు అని రాసి ఉంటుంది. మన ఇంటి కరెంటు డయోడ్ బ్రిడ్జి దాటాక అందులో దాదాపు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది. ప్లగ్గు పీకేశాక కూడా కొన్ని బోర్డుల్లో అది చాలాసేపు దిగదు. స్విచ్ ఆపేశాం కదా అని వేలు పెడితే కొట్టేది అదే.

స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పున పేల్చే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి అలా చేయకండి. ఆ దెబ్బకు కెపాసిటర్, ట్రాక్ రెండూ పాడవుతాయి, మెరుపు కంట్లో పడుతుంది. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు పెట్టి, కొనలు తప్ప మిగతాదంతా టేపు చుట్టి, ఆ కొనలు కెపాసిటర్ రెండు కాళ్లకు కాసేపు ఆనించండి. బల్బు లేకపోతే 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ పనికొస్తుంది, దాన్ని ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో పట్టుకోవాలి. ఆ తర్వాత మీటరును డీసీ రేంజిలో పెట్టి చూసి, ఐదు వోల్టుల లోపుకు దిగిందని కళ్లతో చూశాకే చెయ్యి వేయండి. బోర్డు ముట్టుకునే ప్రతిసారీ ఇదే.

కరెంటు ఉండగా కొలవాల్సినప్పుడు కాళ్లకు చెప్పులు, కింద పొడి చోటు, ఒక చెయ్యి ఒడిలో. మీటరు నల్ల ప్రోబ్‌ను ముందే గ్రౌండుకు క్లిప్ చేసేసి ఎర్ర ప్రోబ్‌ను మాత్రం ఒంటిచేత్తో కదపండి. క్లిప్ పెట్టాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవతల, చిన్న వోల్టేజీల వైపు ఉన్న గ్రౌండుకే. ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల వైపు అంతా మెయిన్స్ (230 వోల్టుల ఇంటి కరెంటు) కిందే లెక్క. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే చేయండి.

బయట అడాప్టర్ ఉన్న మానిటర్‌లో ఈ 325 వోల్టుల భయం లోపల ఉండదు, అది అడాప్టర్ డబ్బాలోనే ఉండిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లకు అలాంటి మానిటరే నయం.

విప్పడం

మంచం మీద మెత్తటి బొంత పరిచి తెరను బోర్లా పెట్టండి. స్టాండు తీయండి. ఈ మధ్య మానిటర్లకు చుట్టూ స్క్రూలు ఉండవు, అంచు అంతా ప్లాస్టిక్ లాకులే. ఇనుప స్క్రూడ్రైవర్ దూర్చితే అంచు తినేస్తుంది, గాజు పగిలే ప్రమాదమూ ఉంది. పాత ఏటీఎం కార్డు కింది మూలలో దూర్చి మెల్లగా జరుపుతూ పోతే లాకులు టక్ టక్‌మని వదులుతాయి. బటన్ల బోర్డుకు వెళ్లే సన్నటి వైరు గుర్తుంచుకోండి, మూత ఒక్కసారి లాగితే అది తెగుతుంది. విప్పే ప్రతి దశలో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మీటరు ఏం చెబుతుంది

ముందు కళ్లతో చూడండి. కెపాసిటర్ తల చదునుగా ఉండాలి, ఉబ్బినా గోధుమరంగు జిగురు కారినా అది పోయినట్టే. ఏ చిప్పు చుట్టూ అయినా బోర్డు నల్లబడిందా? బొద్దింక చచ్చి అతుక్కుందా? నవ్వులాట కాదు, వెచ్చగా ఉంటుందని బోర్డుల మీదికి చేరి షార్ట్ చేసేవాటిని తరచూ చూస్తుంటాం.

చీపురుపల్లి వైపు ఒక స్కూల్ ల్యాబ్ నుంచి ఒకే మోడల్ మానిటర్లు వరసగా వచ్చేవి, అన్నిటిదీ ఇదే జబ్బు, వెలిగి ఆరిపోవడం. ప్రతిదాంట్లో అదే రెండు కెపాసిటర్లు, హీట్‌సింక్‌కు ఆనుకుని ఉన్నవి. హీట్‌సింక్ వైపు ఉన్న ప్లాస్టిక్ తొడుగు వేడికి ముడుచుకుపోయి, అవతలి వైపు మామూలుగా ఉండేది. కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఒక మెట్టు ఎక్కువ, 105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం. పాత రేడియో నుంచి పీకింది వేయకండి. పక్కన ఉన్న గీత మైనస్, తీయకముందే ఫొటో తీసుకుంటే తిరగేసి పెట్టే బాధ ఉండదు. తల చదునుగా ఉన్నంత మాత్రాన కెపాసిటర్ మంచిదని కాదు, ఎండిపోయినవి బయటికి తెలియవు. ఆ వరసలో ఒకటి ఉబ్బితే దాని తోటివాటిని కూడా మార్చేయడం నా పద్ధతి.

అవి బాగుంటే డ్రైవర్ వైపు వెళ్లండి. పవర్ బోర్డుకు, మెయిన్ బోర్డుకు మధ్య వైర్ల కట్ట ఉంటుంది. పిన్నుల పక్కన అచ్చు వేసే ఉంటుంది: ఐదు వోల్టులు, పన్నెండో పదహారో వోల్టులు, గ్రౌండ్, బీఎల్ ఆన్ లేదా ఈఎన్ఏ (లైటు వెలిగించమనే ఆన్ పిన్ను), డిమ్ లేదా ఏడీజే (వెలుగు ఎంత ఉండాలో చెప్పేది). మానిటర్ ఆన్ చేసి, తెర నల్లబడ్డాక వీటిని కొలవండి.

పెద్ద వోల్టేజీ, అంటే ఆ పన్నెండో పదహారో, నిలకడగా ఉందా? లైటు వెలగబోయే క్షణంలో కిందికి జారుతోందంటే దోషం పవర్ సప్లైది. ఆన్ పిన్ను మీద మూడు నుంచి ఐదు వోల్టుల వరకు ఉండాలి. లేదంటే లైటు వెలిగించమని మెయిన్ బోర్డు అడగడమే లేదు, ఎల్ఈడీల జోలికి వెళ్లక్కర్లేదు. డిమ్ పిన్ను సున్నాలో ఉన్నా తెర చీకటే.

ఈ మూడూ సరిగా ఉంటే ఎల్ఈడీ కనెక్టర్ ప్లస్ దగ్గర కొలవండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. డ్రైవర్ చేసే పని పదహారు వోల్టులను ముప్పై, నలభై, యాభైకి పెంచడం. అది నిద్రపోతున్నప్పుడు కూడా కాయిల్, డయోడ్ మీదుగా లోపలికొచ్చిన వోల్టేజీయే కాస్త తగ్గి బయట కనిపించాలి. బయట సున్నా ఉందంటే దారిలో ఏదో తెగింది, దాదాపు ఎప్పుడూ అది ఆవగింజంత ఫ్యూజు. ఫ్యూజు ఊరికే పోదు, మార్చేముందు డయోడ్, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయ్యాయేమో చూడాలి. లోపలి వోల్టేజీ దగ్గరే ఉండి అసలు పెరగకపోతే డ్రైవర్ చిప్పు మీద అనుమానం. ఆన్ చేయగానే ఎగిరి అరవై దాకా పోయి మళ్లీ పడిపోతే డ్రైవర్ బంగారం, ఎల్ఈడీల వరసే ఎక్కడో తెగింది. కొన్ని మోడళ్లలో దారిలో ఒక స్విచ్ ట్రాన్సిస్టర్ ఉంటుంది, వాటిలో నిద్రలో సున్నా చూపించడం సహజమే. అందుకే ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదు.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి మీకు కనిపించేది ఈ ఎగిరి పడే రీడింగే అయ్యుంటుందని నా అంచనా. డిజిటల్ మీటరు నెమ్మదిగా చూపిస్తుంది, మాక్స్ బటన్ ఉంటే అది నొక్కి పెట్టుకోండి.

అప్పుడు కూడా వెంటనే ప్యానెల్ విప్పకండి, కనెక్టర్‌ను చూడండి. కళింగపట్నం నుంచి వచ్చిన ఒక మానిటర్ ఎల్ఈడీ ప్లగ్గు పీకి చూస్తే ఆరు పిన్నుల్లో ఒకదాని మొదట్లో పచ్చటి పొక్కు కట్టి ఉంది, భూతద్దంలో చూస్తే తప్ప కనబడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్షు పెట్టి తోమి, ఆడ పిన్నులను సూదితో కొంచెం బిగించాక మళ్లీ ఆరలేదు. మన తీరం పొడుగునా ఉప్పు గాలికి ఇది మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక తడి తగిలిన మానిటర్లు నెలల తరబడి వచ్చాయి, వాటిలో చాలావాటి జబ్బు ఇలా కనెక్టర్లలోనే ఉండేది. మీది టెక్కలి, సముద్రం ఎంతో దూరం కాదు.

ఎల్ఈడీ పట్టీ నిజంగానే పోతే

చాలా మానిటర్లలో ఎల్ఈడీలు తెర వెనకంతా పరిచి ఉండవు. కింది అంచులోనో పక్క అంచులోనో ఒక సన్నటి పట్టీ మీద వరసగా ఉంటాయి, వాటి వెలుగును ఒక దళసరి అక్రిలిక్ పలక తెరంతా పంచుతుంది. ఆ పట్టీ నాలుగో ఆరో వరసలుగా విడి ఉంటుంది. పైడితల్లి పండక్కి కట్టే సీరియల్ సెట్టులాగే, వరసలో ఒక్క ఎల్ఈడీ తెగితే ఆ వరసంతా ఆరిపోతుంది. డ్రైవర్ అది కనిపెట్టి మిగతావాటినీ ఆపేస్తుంది.

ఏ వరస పోయిందో ప్యానెల్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఎల్ఈడీ బ్యాక్‌లైట్ టెస్టర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, వెయ్యి రూపాయల లోపే. మానిటర్ ప్లగ్గు పీకి, ఎల్ఈడీ కనెక్టర్ బోర్డు నుంచి తీసి, ప్లస్ మీద ఎర్రది, ఒక్కో రిటర్న్ పిన్ను (ఒక్కో వరస మైనస్ కొస) మీద నల్లది పెట్టండి. మంచి వరస వెలిగి వోల్టేజీ చూపిస్తుంది. అన్ని వరసలూ ఒకే అంకెకు దగ్గరగా ఉండాలి. ఏదైనా ఒక వరస మూడు వోల్టులు తక్కువ చూపితే దాంట్లో ఒక ఎల్ఈడీ షార్ట్. అసలు వెలగకపోతే తెగింది. మామూలు మల్టీమీటర్ డయోడ్ రేంజికి ముప్పై వోల్టుల వరసను వెలిగించే బలం లేదు, దాంతో చూసి పోయిందనుకోవద్దు. టెస్టర్ కొనల దగ్గర ఎక్కువ వోల్టేజీ ఉంటుంది, చేత్తో పట్టుకోకండి.

ఇప్పుడిక ప్యానెల్ విప్పాలి. నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష. గాజు అంచుకు సన్నటి ఫిల్మ్ ముక్కలు అతికి ఉంటాయి, వాటి రెండో కొస ఒక పొడవాటి బోర్డుకు ఉంటుంది. ఆ ఫిల్మ్ ఒక్కటి మడతపడినా తెర మీద నిలువు గీత పడుతుంది, దానికి ఇంట్లో మందు లేదు. అందుకని గాజునూ ఆ బోర్డునూ కలిపి, ఇద్దరు మనుషులు, రెండు వైపులా పట్టి ఒకేసారి లేపాలి. గది తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి, మంచి వెలుగులో చేయండి. మే నెల ఉక్కలో ఫ్యాను లేకుండా కష్టమే, పొద్దున్నే పెట్టుకోండి. గాజు కింద ఉన్న పల్చటి షీట్లను విడదీయకండి, మూల మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, కట్టగానే ఎత్తి శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. వరస మారినా తిరగబడినా తెర మచ్చలుగా కనిపిస్తుంది. వేలిముద్ర పడితే దాన్ని తుడవబోయి ఇంకా పాడుచేస్తాం.

పట్టీ బయటికొచ్చాక ఒక్క ఎల్ఈడీ మాత్రమే పోతే దాని మీదుగా చిన్న తీగ టంకం పెట్టి వరసను కలపొచ్చు. ఆ చోట తెర అంచున కొద్దిగా నీడ ఉంటుంది, చదువుకోవడానికి అడ్డం కాదు. పట్టీకి ఒకటి మించి ఇలా చేయకండి. వరసల మధ్య వోల్టేజీ తేడా పెరిగి ఆ భారం డ్రైవర్ చిప్పు మీద వేడిగా పడుతుంది. రెండు మూడు పోతే పట్టీయే మార్చాలి. మోడల్ నంబరు, పట్టీ పొడవు, ఎల్ఈడీల సంఖ్య, కనెక్టర్ పిన్నులు, ఈ నాలుగూ కలిస్తేనే డబ్బు కట్టండి.

అన్నిటికీ సరిపోతుందంటూ పట్టీలు, చిన్న డ్రైవర్ బోర్డు కలిపి ఒక కిట్ అమ్ముతారు. మూడేసి ఎల్ఈడీలకు కత్తిరించుకునే గుర్తు ఉంటుంది. చవక, పనిచేస్తుంది, కానీ రంగు మారుతుంది. బొబ్బిలి నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయనకు వేయమంటే నేను వద్దన్నాను. తెల్లదనం నీలం వైపు జరిగితే ఆయన ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం రంగు మారిపోతుంది. మీకు చదువుకో, ఆఫీసు పనికో అయితే ఫర్వాలేదు.

రక్షణ ఆపేస్తోంది కదా అని డ్రైవర్ చిప్పు రక్షణ పిన్నును గ్రౌండుకు కలిపేసే వీడియోలు తిరుగుతున్నాయి. వెలుగుతుంది నిజమే. లోపల తెగిన చోట నిప్పురవ్వ పడితే చుట్టూ ఉన్నది ప్లాస్టిక్ షీట్లు. రక్షణను మాత్రం తీసేయకండి.

ఇది చదివే వేరేవాళ్లకు ఒక మాట. 2010కి ముందు కొన్న పాత మానిటర్లలో చాలావాటికి ఎల్ఈడీలు కాక సన్నటి గాజు ట్యూబులు ఉంటాయి. ఆన్ చేయగానే గులాబీ రంగు వచ్చి ఆరిపోతుంటే ట్యూబు ముసలిదైంది. వాటిని వెలిగించే ఇన్వర్టర్ దగ్గర వెయ్యి వోల్టులు దాటుతుంది, ట్యూబులో పాదరసం ఉంటుంది. కెపాసిటర్లు మార్చడం వరకు ఇంట్లో చేసుకోండి, ట్యూబుల జోలికి వెళ్లకండి.

బాగయ్యాక బ్రైట్‌నెస్ వందలో ఉంచకుండా యాభై అరవైకి దించండి. ఎల్ఈడీలను తినేది వేడే. ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

మీరు అడాప్టర్ మార్చి చూసి, అదీ కాకపోతే మూత తీశాక ఇవి రాయండి: మోడల్ నంబరు, తెర నల్లబడ్డాక పెద్ద వోల్టేజీ ఎంత, ఆన్ పిన్ను మీద ఎంత, డిమ్ మీద ఎంత, ఎల్ఈడీ ప్లస్ దగ్గర ఆన్ చేసిన క్షణంలో ఎంత, ఆరాక ఎంత. పవర్ బోర్డు రెండు వైపులా ఫొటోలు పెట్టండి, టంకం వైపు తప్పకుండా. వాటిని చూసి ఏ పార్టు తెచ్చుకోవాలో చెబుతాను.